అమ్మ కట్టిన తీగ, మాకొచ్చిన సున్నా

సున్నా వచ్చింది. మా కొలత సున్నాయేనని సైన్స్ పత్రికవాళ్లు ఒప్పుకున్నారు, అచ్చు వేస్తామని పొద్దున్నే మెయిల్ పెట్టారు. అంటే నా పీహెచ్‌డీ గట్టెక్కినట్టే. పవర్‌లూమ్ నడిపే మా ఇంట్లో డిగ్రీ మొహం చూసిన మొదటిదాన్ని నేనే.

ముందు అమ్మకు చెప్పాను.

"సున్నా వస్తే సంబురమేంది బిడ్డా? ఎన్కట లెక్కలల్ల వస్తే ఏడ్సినవ్ గదా."

"ఇది మంచి సున్నా అమ్మా."

వరంగల్‌లో మా ల్యాబు పని ఇదే. పాదరసం పరమాణువులో ప్లస్ ఒక పక్కకీ మైనస్ ఇంకో పక్కకీ రవ్వంతైనా జరిగి ఉన్నాయా అని చూస్తాం. గాజు గోళంలో ఆ పరమాణువులను పెట్టి, హై ఓల్టేజీ దిశ తిప్పి తిప్పి తేడా వెతుకుతాం. ఇప్పటిదాకా ఎవరికీ కనబడలేదు. కనబడలేదని ఇంకాస్త గట్టిగా చెప్పగలిగితే అదే మా గొప్ప. ఏమీ జరగలేదని ఇంత శ్రద్ధగా రాసిపెట్టేది మేమూ, ప్రభుత్వ ఆఫీసులూనే.

ముందటేడు దసరాకు ల్యాబులో ఈ మిషను మూత తెరిచి ఉంది. ఆయుధపూజకు వచ్చిన అమ్మ, ఇంట్లో మగ్గాలకు కట్టినట్టే, గోళం పక్కన స్టాండుకు నిమ్మకాయా మిరపకాయలూ ఇనుప తీగతో కట్టింది.

"గింత కొత్త మిషను. దిష్టి తాకుతది."

అమ్మ వెళ్లగానే, మా గైడు సార్ చూడకముందే కాయలు పీకేశాను. తీగ ముడి రాలేదు. ఇంతే కదా అని మూత బిగించాను.

ఆర్నెల్లు కొలిస్తే సున్నా రాలేదు. ఎవరికీ కనబడని తేడా మాకే కనబడిందని సార్ కొత్త సూటుకు కొలతలిచ్చి వచ్చారు. అంతవరకూ ల్యాబు దారి తెలియని పెద్దమనుషులు, ఈ పనిలో మొదటినుంచీ తామూ ఉన్నామని గుర్తు చేసుకున్నారు. ఎవరి పేరు ముందుండాలో తేల్చడానికి మూడు మీటింగులు జరిగాయి.

నాకు మూత కింద మిగిలిన తీగ గుర్తొచ్చింది. ఓల్టేజీ తిప్పినప్పుడల్లా ఆ తీగ కూడా కాస్త అయస్కాంతమై, అచ్చం మేం వెతికే తేడాలాగే కనబడుతుంది. చెబితే ఆర్నెల్ల పని బూడిద, నా పీహెచ్‌డీ కూడా పోవచ్చు. చెప్పకపోతే అమ్మ దిష్టి తీగ ప్రపంచ వార్త అవుతుంది.

చెప్పాను. సార్ మూత విప్పి తీగ చూశారు.

"కాయలేం జేసినవ్?"

"పారేసిన సార్."

"కాయలుంచి తీగ పీకినా సరిపోతుండె గదమ్మా."

తీగ కోసి మళ్లీ మొదలుపెట్టాం. ఇప్పుడు మూత వేసేముందు ప్రతి మరనూ అయస్కాంత మీటరుతో చూస్తాం. ఆ జాగ్రత్తతోనే ఈ సున్నా వచ్చింది. పెద్దమనుషులు ఒక్కొక్కరుగా తమ పేర్లు తీయించుకున్నారు.

ఇంకా ఫోన్ చేయాల్సినవాళ్లు: నాన్న, మగ్గాలు ఆపాక. ధర్మసాగర్ చిన్నమ్మ. ములుగులో ఇంటర్ ఫిజిక్స్ చెప్పిన మేడమ్. పేర్లు తీయించుకున్న పెద్దమనుషులు, ఒక్కొక్కరికీ విడివిడిగా. సార్ సూటు తీసుకుపొమ్మని ఏడాదిగా అడుగుతున్న టైలరన్న.