వెంట్రుకవాసి తేడా

2012లో నేను మేడ్చల్ దగ్గర ఒక చిన్న ఫ్యాక్టరీలో తనిఖీ పని చేసేదాన్ని. అరిగిన డిస్కు తీసేశాక రెండు వెన్నుపూసల మధ్య పెట్టే టైటానియం పరికరాలు అక్కడ తయారయ్యేవి. లోపల పెట్టి మర తిప్పితే, కారు జాకీలా పైకి లేస్తాయి.

ఒకరోజు వాటిని చూడడానికి ఒక పెద్ద డాక్టరు వచ్చారు. మా ఓనరు సారు నాతోనే ఒకటి తిప్పించి చూపించారు. అందరూ మెచ్చుకున్నారు. కానీ బరువు పెట్టగానే అది వెంట్రుకవాసి కిందికి దిగినట్టు గేజి ముల్లు చూపించింది.

"సార్, ఇది దిగింది. పంపొద్దు" అన్నాను.

"డాక్టరు ముందట ఇజ్జత్ తీస్తవా రజితా? గింత తేడాకు ఏమైతది?" అన్నారు సారు నా చెవిలో.

"మనిషి నడుంల పెట్టినంక మల్ల తీసుడంటే ఇంకో ఆపరేషనే గద సార్."

ఆ మాట డాక్టరుకు వినపడింది. తానే మళ్లీ బరువు పెట్టి చూశారు. "ఈ అమ్మాయి చెప్పింది నిజం. పేషంటు నడిచేకొద్దీ ఇది ఇంకా దిగుతుంది" అన్నారు.

నా ఉద్యోగం పోయిందనుకున్నాను. మర్నాడు సారు తనిఖీ ముద్ర తెచ్చి నా చేతిలో పెట్టారు. "నువ్వు వద్దన్నది ఇగ గేటు దాటదు" అన్నారు.

నేను చదివింది ఐటీఐ. ఆపరేషన్ థియేటర్ లోపల ఎలా ఉంటుందో కూడా తెలియదు. అయినా ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి నొప్పి లేకుండా లేచి నడవడంలో నా చెయ్యి కూడా ఉందని తలుచుకుంటే, ఇప్పటికీ గర్వంగా ఉంటుంది.

– రజిత, దేవరయాంజాల్