నీళ్లు సిద్ధమయ్యేదాకా

పోయిన నెలలో ఒక బుధవారం పొద్దున నేను బడి ఆఫీసులో అడ్మిషన్ల పనిలో ఉండగా మా బావగారి దగ్గరి నుంచి ఫోన్ వచ్చింది. ఆయన నాకు ఫోన్ చేసే మనిషి కాదు. ఏ మాటైనా అక్క చేత చెప్పించేవారు. అందుకే ఆయన పేరు కనబడగానే చేతిలోని ఫారాలు పక్కన పెట్టేశాను. "మీ అక్క లేదమ్మా," అన్నారు. అంతే. ఆయన వెనకాల ఆసుపత్రి వరండాలో ఎవరో కన్నడలో దారి ఇమ్మని అడుగుతున్నారు. డయాలసిస్ మొదలుపెట్టిన కాసేపటికే బీపీ పడిపోయి గుండె ఆగిందని, చేయగలిగినదంతా చేశారని తరువాత తెలిసింది.

అక్క అంటున్నాను కానీ ఆమె నాకు తోడబుట్టినది కాదు, తోడికోడలు. మా ఆయన అన్నగారి భార్య. రాయచూరులో ఒకే ఇంట్లో కింద వాళ్లు, పైన మేము. తోడికోడళ్ల గురించి లోకం ఏమనుకుంటుందో నాకు తెలుసు. నేను మాత్రం ఆమె ఉన్న ఇంట్లో కాపురం చేయగలగడం నా అదృష్టమనే అనుకున్నాను, ఆమె బతికి ఉండగానే.

మాది పోతనాళ దగ్గర ఒక క్యాంపు. మా తాతల కాలంలో కాలువ నీళ్ల కోసం గోదావరి వైపు నుంచి వచ్చి వరి వేసుకుంటున్నవాళ్లం. తరతరాలుగా రాయచూరులోనే ఉన్న ఈ ఇంటికి కోడలిగా వచ్చిన కొత్తలో ఇక్కడి మాట నాకు సగం అర్థమయ్యేది కాదు. ఒకరోజు చుట్టాలు నిండుగా ఉన్న ఇంట్లో మా అత్తగారు నన్ను "తలుపు బేడెం పెట్టు" అన్నారు. బేడెం అంటే ఏమిటో తెలియక తలుపు దగ్గర నిలబడిపోయాను. అక్క అటుగా వచ్చి, నాతో ఒక్క మాటా అనకుండా, నేను చూసేటట్టు గడియ పెట్టి వెళ్లిపోయింది. ఎవరూ నవ్వలేదు. అట్లా నవ్వులపాలు కాకుండా నేను ఈ ఇంటి భాష నేర్చుకున్నాను.

ఇంటి ముందు గదిలో ఆమె పిండి గిర్ని నడిపేది. పొద్దున్నే జొన్నల డబ్బాలు వరసగా వచ్చి కూర్చునేవి. గిర్ని హోరులో మాట్లాడీ మాట్లాడీ అక్కకు పెద్ద గొంతు అలవాటైపోయింది. పక్కనే ఉన్నా పక్క వీధిలోని మనిషిని పిలిచినట్టు పిలిచేది. చెవిలో రహస్యం చెబితే మేడ మీద మా ఆయనకు వినిపించేది. ఆమె కనుబొమ్మల మీద ఎప్పుడూ కొంచెం పిండి ఉండేది. తుడుచుకోమంటే, మళ్లీ పడేదే కదా అనేది.

మూడేళ్ల కింద ఆమె కాళ్లు వాయడం మొదలైంది. కిడ్నీలు రెండూ పాడయ్యాయన్నారు. ఇస్తామని ముందుకు వచ్చినవాళ్ల కిడ్నీలు కలవలేదు. వారానికి మూడుసార్లు డయాలసిస్. గిర్ని అమ్మేశారు. యంత్రాన్ని బిగించిన బోల్టుల గుంతలు గచ్చులో అట్లాగే మిగిలాయి. ఆ గదిలోనే ఆమెకు మంచం వేశారు. పెద్ద గొంతు కొద్దికొద్దిగా చిన్నదైంది. పైనుంచి ఆమె మాట వినబడడం మానేసిన రోజు నాకు మొదటిసారి భయం వేసింది.

అన్నిటికంటే కష్టం నీళ్లు. రోజంతటికీ ఒక చిన్న చెంబెడు మాత్రమే తాగాలన్నారు డాక్టరు, మందులతో తాగేవి కూడా కలిపి. రాయచూరు ఎండల్లో గోడలే సెగలు కక్కుతాయి. అక్క గుక్క నీళ్లు నోట్లో పోసుకుని, మింగకుండా అట్లాగే ఉంచుకుని, పని చేసుకునేది. ఎవరైనా పలకరిస్తే చెయ్యి ఊపేది. ఆ ఇంట్లో ఆమె ముందు నీళ్లు తాగడానికి మాకు మనసొప్పేది కాదు. వంటింట్లోకి పోయి తాగేవాళ్లం. ఆమెకు అది తెలుసు. నా ముందరే తాగండి, చాటుకు పోతే నాకింకా బేజారైతది అనేది.

ఈ వేసవి మొదట్లో ఆమె తమ్ముడు సిరవార నుంచి చూడడానికి వస్తూ, ఆమెకు కాలక్షేపంగా ఉంటుందని ఒక గుండ్రటి గాజు గిన్నె, రెండు గోల్డ్ ఫిష్ తెచ్చాడు. అక్క పసిపిల్లల్ని చూసుకున్నట్టు చూసుకుంది. వారం తిరగకముందే అవి నీళ్ల పైకి వచ్చి నోళ్లు తెరుచుకుని గాలి కోసం ఎగపోశాయి. ఒకదాని వెనక ఒకటి చచ్చిపోయాయి. దుకాణంవాడిని అడిగితే, అది మామూలే, ఇంకో రెండు తీసుకుపొమ్మన్నాడు. అక్క తీసుకోలేదు. నీళ్లు తేటగానే ఉన్నాయి కదా, ఎందుకు చచ్చాయి అని అదే మాట మళ్లీ మళ్లీ అడిగింది.

డయాలసిస్ జరిగే గంటలన్నీ ఆమె ఫోన్‌లో చేపల తొట్ల వీడియోలు చూసేది. కొన్ని రోజులకు ఆసుపత్రి నుంచి వస్తూనే నన్ను కిందికి పిలిచింది. ఆ రోజు ఆమె చెప్పినది నాకు మాట పొల్లు పోకుండా గుర్తుంది.

"మనమే చంపినం చెల్లె. ఆకలికి కాదు, రోగానికి కాదు. అవి ఇడిసిన మురికే నీళ్లల్ల అమ్మోనియా అయి వాటినే కాల్చింది."

మిగతాది ఆమె నాకు నెమ్మదిగా అర్థమయ్యేట్టు చెప్పింది. కొత్త తొట్టిలో ఆ విషాన్ని తినేవేవీ ఉండవు. పాతబడిన తొట్టిలో రాళ్లకూ ఫిల్టర్ స్పాంజికీ కంటికి కనబడని సూక్ష్మజీవులు పట్టుకుని ఉంటాయి. ఒక రకంవి అమ్మోనియాను నైట్రైట్‌గా మారుస్తాయి. అదీ విషమే. రెండో రకంవి దాన్ని నైట్రేట్ చేస్తాయి. దానితో అంత ప్రమాదం లేదు, అప్పుడప్పుడు కొంత నీరు మారిస్తే చాలు. ఆ జీవులు పెరిగేదాకా చేపల్ని వేసి బాధపెట్టనక్కర లేదు. చేపలు లేకుండానే నీళ్లలో కొంచెం కొంచెం అమ్మోనియా వేస్తూ పోతే వాటికి మేత దొరుకుతుంది, పెరుగుతాయి. ఇదంతా చెప్పి, నా కిడ్నీలు చెయ్యని పని అవి చేస్తయంట అని నవ్వింది. నేను నవ్వలేకపోయాను.

గిర్ని ఉన్నచోట, ఆ బోల్టుల గుంతల మీదే, స్టాండు వేసి తొట్టి పెట్టించింది. బరువులెత్తే పని నాది. అమ్మోనియా కోసం గంజ్ మార్కెట్ వైపు కెమికల్స్ అమ్మే దుకాణానికి నేనే వెళ్లాను. ఎందుకని అడిగితే చేపల తొట్టికి అన్నాను. చేపలు చస్తాయమ్మా అన్నాడాయన కంగారుగా. చేపలు లేవండీ అన్నాను. ఆయన నన్ను కాసేపు చూసి సీసా ఇచ్చాడు. ఈ సంగతి చెబితే అక్క పొట్ట పట్టుకుని నవ్వింది. ఆ రోజు ఆమె పాత గొంతు మా ఇంట్లో చివరిసారి వినబడింది.

ఇంక అదొక దినచర్య అయిపోయింది. కొళాయి నీళ్లలో బ్లీచింగ్ ఉంటుందని బకెట్లలో పట్టి నిలవ పెట్టడం. ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని డ్రాపర్‌తో చుక్కలు వేయడం. పరీక్ష గొట్టంలో నీళ్లు తీసి మందు చుక్కలు కలపడం. అమ్మోనియా ఉంటే ఆకుపచ్చ, లేకపోతే పసుపు. నైట్రైట్ ఉంటే ఊదా, లేకపోతే లేత నీలం. గొట్టాన్ని కిటికీ వెలుగుకు పట్టి రంగు చెప్పడం అక్క వంతు. కరెంటు పోతే గాలి మోటారు ఆగేది, గాలి లేక ఆ జీవులు చస్తాయేమోనని ఆమె ప్రాణం కొట్టుకునేది. "కరెంటు మన ఊర్లనే పుడ్తది, మన ఇంట్లనే పోతది," అనేది, మా ఊరి థర్మల్ పవర్ స్టేషన్‌ను తలుచుకుని. రాయచూరు ఎండ ఎవరికైనా మేలు చేసిందంటే ఈ పురుగులకే అని కూడా అనేది, వెచ్చటి నీళ్లలో అవి తొందరగా పెరుగుతాయని చదివి.

ఇంటికి వచ్చినవాళ్లు ఆ ఖాళీ తొట్టిని చూసి చేపలేవి అని అడిగేవారు. ఇంకా రాలేదు, వాటికి ఇల్లు తయారు చేస్తున్నామని చెప్పేది. ఇన్ని నీళ్లు ఎదురుగా పెట్టుకుని ఎట్లా ఉంటున్నావక్కా అని ఒకసారి ఉండబట్టలేక అడిగాను. చూస్తే దూప తీరదు, కాని మర్చిపోతా అంది.

కొన్ని వారాలకు అమ్మోనియా పసుపుకు దిగింది. నైట్రైట్ మాత్రం ఊదా రంగులోనే మొండికేసింది. ఈలోగా అక్క క్షీణించింది. మెట్టు ఎక్కితే ఆయాసం, పడుకుంటే దగ్గు. ఒక సాయంత్రం బావగారు నన్ను వాకిట్లోకి పిలిచారు. పత్తి మండీలో గుమాస్తా పని ఆయనది, రోజంతా అరుపుల మధ్య ఉండి ఇంట్లో గొంతెత్తని మనిషి. ఆమె ఇంకెన్నాళ్లు ఉత్త నీళ్లు చూస్తుంది, రెండు చేపలు తెచ్చి వేయరాదా అని అడిగారు. అడుగుతూ తల పక్కకు తిప్పుకున్నారు.

నేను వెళ్లి మంచం పక్కన కూర్చున్నాను. "రెండంటే రెండు చేపలు వేసేద్దాం అక్కా. రోజూ నీళ్లు మారుస్తాను. ఏం కాదులే," అన్నాను.

ఆమె మెల్లగా లేచి దిండుకు ఆనుకుంది.

"మిషన్‌కు పోయే ముందురోజు నా ఒంట్ల ఎట్లుంటదో నీకు తెల్వదు చెల్లె," అంది. "నోరంత చేదు. ఊపిరి అందదు. రక్తమంత మురికైనట్టు ఎరుకైతనే ఉంటది. గా నీళ్లల్ల చేపకు గట్లనే ఉంటది. దానికి మిషన్ గూడ లేదు. నేను చూసెటందుకు దానికి గా బాధ ఎందుకు?"

"నువ్వు చూడాలని కదక్కా మా ఆశ."

"నేను చూడకుంటే నువ్వు చూస్తవు. నీళ్లు సిద్ధం కానీ."

గుమ్మం దగ్గర బావగారు నిలబడి ఉన్నారు. అంతా విన్నారు. చొక్కా చేతులు మడుచుకుని, బకెట్ తీసుకుని కొళాయి దగ్గరికి వెళ్లారు. ఆ రోజు నుంచి నీళ్లు మోసింది ఆయనే.

ఊపిరితిత్తుల్లో నీరు చేరి ఆమెను ఆసుపత్రిలో చేర్చినప్పుడు నేను ఇంటి దగ్గర రోజూ పరీక్ష చేస్తూనే ఉన్నాను. ఒక పొద్దున రెండు గొట్టాలూ చూసి నా కళ్లను నేను నమ్మలేదు. ముందురోజు వేసిన అమ్మోనియా పూర్తిగా పోయింది. నైట్రైట్ లేత నీలం. రెండు గొట్టాలకూ మూతలు బిగించి, చేతిరుమాలు చుట్టి, టిఫిన్ డబ్బాలో నిలబెట్టి, ఒళ్లో పెట్టుకుని ఆటోలో ఆసుపత్రికి వెళ్లాను. అక్క మంచం మీద లేచి కూర్చుని వాటిని ఒక్కొక్కటే కిటికీకి ఎత్తి చూసింది. పక్క మంచం ఆమె అది రక్తపరీక్షా అని అడిగింది. కాదమ్మా, మా నీళ్లు పాసైనయ్ అంది అక్క.

ఆమె ఇంటికి వచ్చాక సగానికి పైగా నీళ్లు మార్చి, కొన్ని గప్పీ చేపలు తెచ్చాం. అన్నీ ఒక్కసారి వేయవద్దని ముందే చెప్పింది. సంచిని తొట్టిలో తేలనిచ్చి, ఆ నీళ్లు ఈ నీళ్లకు అలవాటయ్యేదాకా సంచి అంచు తానే పట్టుకుని కూర్చుంది. చేపలు బయటికి వచ్చాయి. కాసేపు మూలకు నక్కి, తరువాత ఇల్లంతా చూసుకుంటున్నట్టు తిరిగాయి. డయాలసిస్ కోసం ఆమె ఎడమచేతిలో నరాలు కలిపి కుట్టారు. అక్కడ వేలు ఆనిస్తే లోపల గిర్ని తిరుగుతున్నట్టు అదురు తెలిసేది. ఆ చేతిని ఆమె అద్దానికి ఆనించింది. చేపలు అక్కడికి వచ్చాయి. "నా చెయ్యి చప్పుడు ఇంటున్నయ్ చూడు," అంది. నిజమో కాదో నాకు తెలియదు. అవి మాత్రం అక్కడే ఉన్నాయి.

ఆ తరువాత ఆమె ఎక్కువ రోజులు లేదు. ఉన్నన్ని రోజులూ తొట్టివైపే తిరిగి పడుకుంది. ఒక్క చేపా చావలేదు.

పదకొండో రోజు కర్మ అయిపోయి చుట్టాలు వెళ్లిపోయారు. మేత వేయడం, నీళ్లు చూడడం ఇప్పుడు నా పని. పరీక్ష చేస్తే పసుపే వస్తోంది. వచ్చిన ప్రతిసారీ చెబుదామని మంచం వైపు తిరుగుతున్నాను.

నిన్న శుక్రవారం. అక్క ఉన్నప్పుడు డయాలసిస్‌కు పోయే రోజు. నేను కిందికి దిగేసరికి బావగారు స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, బండి తాళంచెవి చేతిలో పట్టుకుని అక్క మంచం మీద కూర్చుని ఉన్నారు. గుమ్మం ముందు బండి బయటికి తీసి ఉంది. వెనక సీటు మీద అక్క కోసం పరిచే దుప్పటి మడిచి వేసి ఉంది. మనిషి కనబడితే మేత అనుకునే ఆ చిన్న చేపలన్నీ అద్దం దగ్గరికి వచ్చి, ఆయనకు ఎదురుగా నోళ్లు తెరుస్తూ మూస్తూ నిలబడ్డాయి.