హెడ్‌ఫోన్‌లో రజియా గొంతు

దయ్యాల కథలు చెప్పేవాళ్లను చూస్తే నాకు నవ్వొచ్చేది. నేను సౌండ్ ఇంజనీర్‌ని. ఎక్కడైనా గరగరమంటే అది ఏ వైరు నుంచి వస్తోందో వెతికి పట్టుకోవడమే నా పని. కారణం లేని శబ్దం ఉండదనే నా నమ్మకం. కరోనా రెండో ఏడాది, బర్ దుబాయ్‌లోని ఒక చిన్న స్టూడియోలో ఆ నమ్మకం చెదిరింది.

అక్కడ ప్రకటనలు, భక్తి పాటలు, గల్ఫ్ బతుకుల మీద జానపదాలు రికార్డు చేసేవాళ్లం. మా ముదీర్, అంటే మేనేజరు, విజయవాడ మనిషి. చెడ్డవాడు కాదు. కానీ మిషన్ ముందు కూర్చున్నది నేనైనా, క్లయింట్లు సౌండు గురించి ఆయన్నే అడిగేవాళ్లు, జవాబూ ఆయనే చెప్పేవాడు. నన్ను టీ అడిగేవాళ్లు.

రజియాది కడప. అల్ నహ్దాలో ఒక బ్యూటీ పార్లర్‌లో పని. సెలవు రోజున మా దగ్గర ట్రాక్ పాడేది. అంటే, పేరున్న గాయని వచ్చేలోపు పాట ఎలా ఉండాలో ముందుగా పాడిపెట్టడం. అసలు గొంతు రాగానే ఈ గొంతు తీసేస్తాం. ట్రాక్ పాడినవాళ్ల పేరు ఎక్కడా వేయరు.

ఆసారి వచ్చింది, గల్ఫ్‌లో ఉన్న తల్లి ఫోన్‌లో బిడ్డను జోకొట్టే పాట. "నిదురపో కన్నా, నేనొచ్చేదాకా" అని పల్లవి. రజియా పాడాక ముదీర్ ఇంకోసారి వేయించుకుని విన్నాడు. ఈ గొంతే ఉంచేద్దాం అన్నాడు. రజియా ముఖం వెలిగిపోయింది.

కొన్నాళ్లకే, పాటకు పెట్టుబడి పెట్టినాయన మాట మార్చాడు. ప్రోగ్రాం కోసం హైదరాబాద్ నుంచి వచ్చిన గాయని చేత పాడించమన్నాడు. రజియాకు చెప్పొద్దన్నాడు ముదీర్. నేను ఆ సాయంత్రమే ఫోన్ చేసి చెప్పాను.

"మా ఇంట్లో అందరికీ చెప్పేసినానక్కా," అంది రజియా.

ఆ గాయని ఓ మధ్యాహ్నం వచ్చింది. ట్రాక్ గొంతు ఆపేసి, హెడ్‌ఫోన్‌లోకి వాయిద్యాలు మాత్రమే ఇచ్చాను. పల్లవి దగ్గర ఆమె ఆగిపోయి, ట్రాక్ పాడినావిడ గొంతు ఆపమంది. ఆపే ఉంది. అయినా ఆ ఫైలే తీసేసి మళ్లీ మొదలుపెట్టాను. మళ్లీ ఆగింది. హెడ్‌ఫోన్ తీసి పక్కన పెట్టేసింది.

"నాతో పాటు కాదు మేడమ్, నాకంటే ముందే పాడుతోంది."

లోపలికెళ్లి నేను పెట్టుకున్నాను. రజియా గొంతే. కానీ "కన్నా" అనడం లేదు, "నిదురపో మున్నా" అంటోంది. మధ్యమధ్య ఆయాసం. మా ట్రాక్‌లో ఆ మాట ఎప్పుడూ లేదు.

ముదీర్ పెట్టుకుంటే ఆయనకేమీ వినిపించలేదు. రజియా మీద జాలితో నేనే ఏదో చేశాననుకున్నాడు. ఇలాగైతే నా వీసా ఖలాస్ అన్నాడు. ఆయన ముందే వైర్లన్నీ విప్పి చూపించాను. రికార్డయినదాన్ని కూడా వినిపించాను. అందులో గాయని గొంతు తప్ప ఇంకేమీ లేదు. ఆమె మాత్రం ఇక పాడనని వెళ్లిపోయింది.

వెంటనే రజియాకు ఫోన్ చేశాను. ఆమె రూంలో ఉండే జగిత్యాల అమ్మాయి ఎత్తింది. రజియాకు కరోనా అని, ఒళ్లు కాలిపోతోందని, అంబులెన్సు కోసం చూస్తున్నామని చెప్పింది. ఆమె వెనకాల ఎవరో సన్నగా పాడుతున్నారు.

"పొద్దుగాల సంది గిదే పాట, మేడం. సోయి లేదు. మున్నా అంటె ఆమె కొడుకు."

రజియాకు కొడుకున్నాడనే నాకు అప్పటిదాకా తెలియదు.

రజియా కోలుకుంది. ఆ రోజుది ఏదీ గుర్తు లేదంది. గొంతు మాత్రం బొంగురుపోయింది, మళ్లీ పాడలేదు. పాటను ఇంకెవరి చేతనో వేరే స్టూడియోలో పాడించి విడుదల చేశారు. నా ఉద్యోగం పోలేదు గానీ, ముదీర్ నన్ను మునుపటిలా నమ్మలేదు. నేనే మానేశాను.

కిందటేడు ఆ హైదరాబాద్ గాయని నా నంబరు కనుక్కుని మరీ ఫోన్ చేసింది. ఆవిడ బతికే ఉందా అని అడిగింది. ఉందన్నాను. పేరు అడిగితే చెప్పాను. ఇప్పుడు ఎవరి ట్రాక్ విని పాడాల్సి వచ్చినా, ముందు వాళ్ల పేరు అడుగుతున్నానంది.

"ఇంతకీ ఆ రోజు మనం విన్నదేంటండీ?"

ఆ రోజు వైర్లన్నీ విప్పి చూశానని, ఒక్కటీ తప్పు లేదని మాత్రం చెప్పాను.