సలోమి ఆపించిన చప్పుడు

సలోమికి ఆ కారంటే గిట్టేది కాదు. కూతురు ఎలిజబెత్తు పలక పట్టిన ఏడు అది మద్రాసు నుంచి రైల్లో తాడేపల్లిగూడెం దిగింది. జర్మనీ బండి, ఆరు సిలిండర్లది. రైసుమిల్లు నరసరాజుగారు దాన్ని కొని, సలోమి భర్త ప్రభుదాసు చేతిలో పెట్టారు. మిల్లు ఆవరణలో రేకుల షెడ్డు దానికి, ఆ షెడ్డు వెనక తాటాకిల్లు వీళ్ళకి. ఆనాటి నుంచి ప్రభుదాసు అన్నం కూడా షెడ్డు వైపు తిరిగే తినేవాడు.

"సవతిని తెచ్చి పెట్టారండీ నా నెత్తిన," అనేది సలోమి.

"సవతయితే నీ కొప్పు పట్టుకునేది. ఇది పాపం పెట్రోలు తప్ప ఏమీ అడగదు," అనేవాడు ప్రభుదాసు.

దాన్ని అతను చూసుకునే తీరు వేరు. రేడియేటరులో కాలవనీళ్ళు పోసేవాడు కాదు, పాతచీరలో వడగట్టిన వాననీళ్ళే పోసేవాడు. ఆ చీరలు సలోమివే. ఏటా ఒకసారి ఇంజను తల విప్పి, లోపల పేరుకున్న మసి గీకి, వాల్వులు నూరేవాడు. ఆరు సిలిండర్లకి పన్నెండు వాల్వులు. పన్నెండుమంది శిష్యులనేవాడు వాటిని. వాటిలో ఒకటి ఎప్పుడూ సరిగా కూర్చునేది కాదు. దానికి, ప్రభువుని పట్టిచ్చిన శిష్యుడి పేరు, ఇస్కరియోతు అని పెట్టాడు. ఆ మాటకి ఎలిజబెత్తు పగలబడి నవ్వేది.

అన్నీ బిగించాక అసలు పని ఉండేది. ఒక్కో వాల్వుని కింద నుంచి ఎత్తే ఇనుపముక్కని టాపెట్టు అంటారు. వాల్వుకీ దానికీ మధ్య కాసింత సందు ఉంచాలి, సన్నగా టిక్కుమనేంత. ఆ సందు కొలవడానికి సన్నటి రేకులు ఉన్నాయి గాని, ప్రభుదాసుకి వాటి మీద గురి లేదు. ఇంజను వేడెక్కాక, స్క్రూడ్రైవరు కర్రపిడి చెవికి ఆనించుకుని, కొస ఇంజనుకి ఆనించి వినేవాడు. వింటూ స్పానరుతో సందు సరిచేసేవాడు.

కొల్లేరు పొంగి ఊళ్ళ మీదికొచ్చిన ఏడు, నీరు తీశాక చలిజ్వరాలు పట్టుకున్నాయి. ప్రభుదాసూ ఎలిజబెత్తూ ఒకే వారంలో మంచం ఎక్కారు. సలోమి రెండు మంచాల మధ్యా చాప వేసుకుని కూర్చుంది. చలి వచ్చినప్పుడు పిల్ల పళ్ళు టకటకా కొట్టుకునేవి. ఇంట్లో ఉన్న దుప్పట్లు, గోనెసంచులు అన్నీ కప్పినా ఆ టకటక ఆగేది కాదు. ఒక సాయంత్రం ఉన్నట్టుండి ఆగింది. సలోమి ప్రభువుకి స్తోత్రం చెప్పుకుంది. చలి తగ్గింది, బిడ్డ నిద్రపోతోందనుకుని, లేచి పొయ్యి మీద జావ పెట్టింది. జావ తీసుకొచ్చి పిలిస్తే పిల్ల పలకలేదు.

ప్రభుదాసు బతికాడు. చలిజ్వరానికి పోస్టాఫీసులో అమ్మే కొయినా పొట్లాలతో మొదలుపెట్టి డాక్టరు సూదిమందు దాకా, అతని ఒంట్లోకి పోయినంత కొయినా గూడెంలో ఇంకెవరికీ పోయి ఉండదు. లేచేసరికి ఆ మందుకి చెవులు పోయాయి. ఎప్పుడూ కీచురాళ్ళ రొద, అంతే. కూతురి సమాధి దగ్గర అందరూ పాడుతుంటే పెదాల కదలిక చూసి తానూ పెదాలు కదిపాడు.

"ఎవరికీ చెప్పకే," అన్నాడు ఇంటికొచ్చాక. తన గొంతు తనకి వినబడక గట్టిగానే అన్నాడు. "బండి తీసేసుకుంటారు. అది కూడా పోతే పొద్దున్నే ఎందుకు లేవాలో నాకు తెలీదు."

సలోమి తల ఊపింది. అప్పటి నుంచి అతనికి చెవులు ఆమెవే అయ్యాయి. రాజుగారు పిలిస్తే ముందు ఆమె వాకిట్లోకొచ్చి, "ఏవండీ, అయ్యగారు" అని భుజం తట్టేది. మిల్లుకి వచ్చిన వాళ్ళేమన్నా పెదాలతో మళ్ళీ చెప్పేది. రాజుగారింట వంటచేసే వీరరాఘవమ్మ చూసి ఒకనాడు అననే అంది.

"ఏవమ్మా సలోమీ, మొగుడి వెనకాల మేకపిల్లలా తిరుగుతున్నావు. కొత్తకాపరం మళ్ళీ పెట్టావేంటి?"

"పెట్టానండీ," అంది సలోమి. ఆవిడ నవ్వలేక, చేతిలో గిన్నె చూసుకుంటూ వెళ్ళిపోయింది.

చలికాలం వచ్చింది. రాజుగారు ఏలూరు స్నేహితులతో కొల్లేటికి పిట్టలవేటకి బయల్దేరాలన్నారు. ఏటా చేసినట్టే ప్రభుదాసు ఇంజను విప్పాడు. ఈసారి సలోమి కూడా కూర్చుంది. వాల్వు నెత్తిన రబ్బరుబిళ్ళ కర్ర అతికించి, కవ్వం చిలికినట్టు అరచేతుల మధ్య తిప్పి నూరింది. ఇస్కరియోతు దగ్గరకొచ్చేసరికి ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

ఇంజను స్టార్టు చేశాక ప్రభుదాసు స్క్రూడ్రైవరు ఆమె చెవికి ఆనించాడు. "టిక్కు టిక్కుమంటుంది చూడు. అంటున్నంతసేపూ నా భుజం మీద వేలితో కొడుతూ ఉండు. నేను బిగిస్తాను. సన్నబడగానే అరచెయ్యి వేసెయ్."

సలోమి చెవికి ఆ చప్పుడు తగిలింది. టకటకటకా. కర్రపిడిలోంచి దవడ ఎముకలోకి, అక్కణ్ణించి పళ్ళలోకి పాకింది. ఆమె వేలితో కొట్టింది. అతను బిగించాడు. చప్పుడు సన్నబడింది. కాని ఉంది. దుప్పట్ల కింద నుంచి వచ్చినట్టుగా, అలాగే ఉంది. ఆమె ఇంకా కొట్టింది. అతను ఒకసారి తలెత్తి, "ఇంకా ఉందా?" అని చూశాడు. చేతికి అనుమానంగానే ఉంది. కాని తన చేతికన్నా ఆమె చెవినే నమ్మాడు. పూర్తిగా ఆగిపోయాక గాని సలోమి అతని భుజం మీద అరచెయ్యి వెయ్యలేదు.

అలాగే పన్నెండూ.

ఆ సాయంత్రం రాజుగారు వచ్చి విని, "ఏవోయ్ ప్రభుదాసూ, పట్టుబట్ట జారినట్టుందోయ్ బండి!" అన్నారు. సలోమి ఆ మాట పెదాలతో మొగుడికి చెప్పింది. ప్రభుదాసు ఎన్నాళ్ళకో నవ్వాడు.

మర్నాడు కొల్లేటికి వెళ్ళిన కారు ఆ మర్నాడు ఎడ్లు లాగుతుంటే తిరిగొచ్చింది. వెనకాల ఒంటెద్దుబండిలో రాజుగారు. ఆయన దిగి నేరుగా ప్రభుదాసు దగ్గరికి నడిచారు.

"గణపవరం దాటిన కాణ్ణించి అరుస్తున్నాను, బండి ఈడ్చుకుంటోంది, ఆపవోయ్ అని. వీపు మీద చరిస్తే గాని ఆపలేదు. ఏవైంది నీకు?"

ప్రభుదాసు సలోమి వైపు చూశాడు. ఆమె పెదాలు కదపలేకపోయింది. రాజుగారు ఒకసారి అతన్నీ ఒకసారి ఆమెనీ చూశారు. కోపమంతా దిగిపోయింది.

"ఎన్నాళ్ళ నుంచమ్మా?" అన్నారు మెల్లిగా.

"పిల్ల పోయిన కాణ్ణించండి."

ఆయన షెడ్డు వైపు తిరిగారు. "ఇల్లు ఖాళీ చెయ్యక్కర్లేదు. కళ్ళం మీద ధాన్యం ఎండబోయించే పని చూసుకోమను. కారు మాత్రం ఇంక ముట్టుకోవద్దను. నువ్వే చెప్పు, నేను చెప్పలేను," అని వెళ్ళిపోయారు.

కొత్త డ్రైవరు వచ్చేలోగా ఆఖరిసారి ప్రభుదాసు ఇంజను విప్పాడు. వాల్వుల అంచులు ఎలుకలు కొరికిన అప్పడాల్లా కాలి ఉన్నాయి. సందు లేక, వేడెక్కినప్పుడు మూసుకోలేక కాలిపోయాయి. ఒకటి తీసి సలోమి అరచేతిలో పెట్టాడు.

"టిక్కు పూర్తిగా పోయేదాకా బిగించమన్నావు కదూ?"

తల ఊపింది.

"సన్నగానైనా ఉండాలే అది. ఎందుకు పోనిచ్చావు?"

చెబితే అతనికి వినబడదు. సలోమి రెండు చేతులూ గుండెలకి దగ్గరగా ముడుచుకుంది. నోరు కొద్దిగా తెరిచి, పళ్ళు టకటకలాడించింది.

ప్రభుదాసు స్పానరు కింద పెట్టేశాడు. అతను వచ్చి, నూనెచేతులతోనే ఆమె గడ్డం పట్టుకుని, ఆ పళ్ళు ఆగేదాకా అలాగే ఉన్నాడు. చాలాసేపటికి గాని ఆగలేదు. ఆగగానే అతనికి భయమేసింది. "ఏమే, ఏమే" అని ఊపాడు. ఉన్నానండీ అన్నట్టు ఆమె కళ్ళెత్తి చూసింది.

మరుసటి ఎండాకాలం ఇద్దరూ కళ్ళం మీద ధాన్యం తిరగబోస్తుండగా, కొత్త డ్రైవరు తోలుతున్న కారు గేటులోంచి పోయింది. దుమ్ములో ప్రభుదాసు దాన్ని చూస్తూ నిలబడ్డాడు. సలోమి వైపు చెయ్యి చాపాడు.

సలోమి ఆ అరచేతిలో ఇంజను చప్పుడు వేలితో కొట్టింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు, అయిదు. తర్వాత వేలు గాలిలోనే ఆపింది. మళ్ళీ మొదటి నుంచి కొట్టి, మళ్ళీ అక్కడే ఆపింది. ఈసారి ఉన్నది ఉన్నట్టే చెప్పింది.

"ఆరు సిలిండర్లలో ఒకటి పడటం లేదా?" అన్నాడు ప్రభుదాసు. "ప్లగ్గుకి మసి పట్టి ఉంటుంది. తుడిస్తే చాలు. పాపం, వినేవాళ్ళు లేరు దానికి."

కారు స్టేషను వైపు తిరిగి కనబడకుండా పోయింది. ఆమె వేలు అతని చేతిలో ఇంకా కొడుతూనే ఉంది, అయిదు కొట్టి, ఆరోదాని దగ్గర ఆగుతూ.