మా ఊరి తెల్ల రక్తం

ఒక మనిషి తన ఊరంతటికీ జబ్బు అంటగట్టి, తనకు తానే చావు రాసుకుని, కుదిరిన పెళ్లి చెడగొట్టుకోవాలంటే చాలా చదువు కావాలి. నాకు ఆ చదువు అప్పుడే పూర్తయింది. బరంపురంలో ఒక రక్తపరీక్షల ల్యాబులో కొత్తగా చేరాను. తెల్లకోటు వేసుకున్నాక నాకు మనుషులు కనపడటం మానేశారు, వాళ్ల లోపలి కొవ్వే కనపడేది.

కనురెప్పల మీద పసుపు మచ్చలుంటే రక్తంలో కొవ్వు ఎక్కువుండొచ్చనీ, అది గుండె నాళాల్లో పేరుకుంటుందనీ, కొన్ని ఇళ్లల్లో తల్లిదండ్రుల నుంచి పిల్లలకు దిగుతుందనీ ఒకసారి మా డాక్టరుగారు చెప్పారు. వినగానే సముద్రం ఒడ్డునున్న మా ఊరు రామయ్యపట్నంలోని మా సింహాద్రి మావ కళ్లు గుర్తొచ్చాయి. మావ అంటే మా అమ్మ తమ్ముడు, సొంత పడవున్న మనిషి. రెండు రెప్పల మీదా శనగబద్దలంత మచ్చలు. ఆయన అన్న నడివయసులోనే వల లాగుతూ గుండె పట్టుకుని ఒరిగిపోయాడు. మావంటే నాకు ప్రాణం. పైగా ఆయన కూతురు నూకరత్నంతో నాకు పెళ్లి కుదిరింది. భయమూ కుతూహలమూ ఒకేసారి పట్టుకుంటే ఎవడాగుతాడు చెప్పండి? శనివారం సాయంత్రం సూదులూ గొట్టాలూ సంచిలో వేసుకుని ఊరి బస్సెక్కాను.

మర్నాడు ఎండెక్కి, చేపల బేరాలన్నీ ముగిశాక, మావనీ ఆయన పడవవాళ్లనీ ఇసుకలో వరసగా కూర్చోబెట్టాను.

"టీ తాగినావా మావా?"

"నేదురా."

"టిఫినేటైనా తిన్నావా?"

"మనూర్లో టిఫిన్ ఎక్కడిదిరా? బరంపురంలో పుట్టినోడిలాగ మాటాడతన్నావేటి!"

సరే, పరగడుపేనని తేల్చుకుని రక్తం తీశాను. పోల్చి చూడటానికి ఒక ఆరోగ్యవంతుడు కావాలి కదా? ఊళ్లో నాకంటే ఆరోగ్యవంతుడు కనపడక, నూకరత్నం చెయ్యి పట్టుకోగా నాదీ తీసుకున్నాను. గొట్టాల్ని చేపల ఐసులో దాచి బరంపురం చేర్చాను.

ల్యాబు మిషన్లో తిప్పితే రక్తం అడుక్కి దిగి, పైన ఎండుగడ్డి రంగులో తేట నీరు నిలవాలి. మావ గొట్టంలో అది తెల్లగా ఉంది. పడవవాళ్లందరిదీ గంజిలా ఉంది. నిజం చెప్పొద్దూ, మొదట సంతోషించాను. లోకంలో ఎవరికీ తెలియని జబ్బు మా ఊళ్లో దొరికింది, దానికి నా పేరే పెడతారు! ఆ తర్వాత నా గొట్టం చూశాను. టీ కొట్టువాడు చూస్తే బేరమాడేంత చిక్కటి పాలు.

డాక్టరుగారి దాకా వెళ్లే ఓపిక ఎక్కడిది? తిరుగు బస్సెక్కాను. నూకరత్నం ఎండుచేపలు తిరగేస్తోంది.

"రత్నం, మన పెళ్లి జరగదు."

"ఏటయింది బావా? ఇంకో గుంటని సూసుకున్నావా?"

"నా రక్తం తెల్లగుంది. మీ నాన్నదీ అంతే. మనకి పిల్లలు పుడితే రెండువేపులా అంటుకుంటాది. నాను ఎన్నాళ్లో బతకను. నువ్వు సుఖంగా ఉండాల."

"పొద్దున్న ఎర్రగానే వచ్చినాది కదా?"

"పైకి అలాగే కనిపిస్తాది."

"పైకి నువ్వూ మంచోడిలాగే కనిపించినావు," అని ఏడుస్తూ లోపలికి పోయింది. నాకూ ఏడుపొచ్చింది. అరుగు మీంచి మావ అడిగాడు: "ఒరే, నానెప్పుడు పోతానో అదైనా సెప్పి ఎల్లరా!"

మర్నాడు డాక్టరుగారికి మావ కళ్ల మచ్చల సంగతీ, పడవవాళ్ల సంగతీ చెప్పి ముందు గొట్టాలు పేర్చాను. ఆయన ఒకటెత్తి వెలుతురులో చూసి, "కొణ ఖాయిథిలె?" అన్నారు ఒడియాలో. ఏం తిన్నారు వీళ్లు అని.

"ఏమీ తినలేదు సార్. టీ కూడా ముట్టలేదు."

"పడవ ఎప్పుడొచ్చింది?"

"తెల్లారేసరికే వచ్చేసింది సార్."

"వచ్చాక?"

ఇక్కడ మీకు చెప్పని సంగతి ఒకటుంది. మా ఊళ్లో పడవ ఒడ్డుకు చేరగానే, అమ్మకానికి పనికిరాని చితికిన చేపల్ని ఇసుకలోనే పొయ్యి పెట్టి నూనెలో వేయించుకు తింటారు. పడవ నెట్టడానికి భుజం పెట్టిన ప్రతివాడికీ అందులో వాటా. దాన్ని ఎవరూ టిఫిన్ అనరు, భోజనమూ అనరు. అది పనిలో భాగం. ఆ పొద్దున నేనూ భుజం పెట్టాను. ఇంటి తిండికి ముఖం వాచి ఉన్నానేమో, అందరికంటే ఎక్కువే లాగించాను.

డాక్టరుగారు నవ్వీ నవ్వీ కళ్లద్దాలు తుడుచుకున్నారు. "ఇది జబ్బు కాదు బాబూ, వేపుడు. తిన్న కొవ్వు కొన్ని గంటలు రక్తంలో ఇలా తేలుతుంది. మీ మావని రాత్రి నుంచీ ఏమీ తిననివ్వకుండా తీసుకురా. ఆ మచ్చల వెనకున్న కొవ్వు కంటికి కనపడేది కాదు."

మావ వేటకెళ్లకుండా, మంచినీళ్లు తప్ప ముట్టకుండా వచ్చాడు. ఈసారి నీరు అద్దంలా తేటగా ఉంది. నేను గంతులేశాను. తీరా కొలిస్తే చెడ్డ కొలెస్ట్రాలు హద్దు దాటిపోయి ఉంది! తెల్లగా ఉంటే ఏడ్చాను, తేటగా ఉంటే గంతులేశాను, రెండూ తప్పే. ఈసారి మాత్రం బస్సెక్కకుండా నేరుగా డాక్టరుగారి దగ్గరికే పరుగెత్తాను. ఆ రోజు మొదలుపెట్టిన మాత్రలు మావ ఇప్పటికీ మింగుతున్నాడు, మింగిన ప్రతిసారీ నన్ను తిడుతున్నాడు. ఆ తిట్లు వింటుంటే నాకు ఎంత హాయిగా ఉంటుందో చెప్పలేను.

నా రక్తం పరగడుపున శుభ్రంగా ఉందని తేలగానే రత్నం దగ్గరికి పరుగెత్తాను.

"జబ్బు నేదు రత్నం. పెళ్లి సేసుకుందాం."

"ఎవలు సెప్పినారు?"

"నానే పరీక్ష సేసినాను."

"నువ్వు సేసినావా? అయితే సెల్లదు. ఇంకో ల్యాబులో సేయించు. నాకూ సేయించు, నాను ఆ నాన్న కూతుర్నే కదా."

అలా మా ల్యాబుకు ఎదురుగా ఉన్న పోటీ ల్యాబులో, మావాళ్లందరూ కిటికీల్లోంచి చూస్తుండగా, కాబోయే పెళ్లాం పక్కన ఖాళీ కడుపుతో వరసలో నిలబడ్డాను. ఇద్దరిదీ శుభ్రంగా ఉందని తేలాకే ఆవిడ ముహూర్తానికి ఒప్పుకుంది. ఆకలికి కళ్లు తిరుగుతున్న ఆ వరసలో ఒక ప్రమాణం చేశాను. సూర్యచంద్రుల సాక్షిగా, సముద్రం సాక్షిగా మీ ముందూ చేస్తున్నాను: ఈ జన్మలో మళ్లీ కడుపు నిండా తిని పెళ్లి తెంచుకోను.