ఖాకీ బట్టలతో కెన్యాకు

మావారు నరసింగరావుగారు పోయి మూడేళ్ళయింది. ఆయనను తలచుకుంటే నాకు ముందుగా 1996లో కెన్యా ప్రయాణానికి సర్దుకున్న రోజులే గుర్తొస్తాయి. నైరోబీలో పనిచేసే మా తమ్ముడు మా ఇద్దరికీ టిక్కెట్లు పంపి, అడవి జంతువుల్ని చూసే సఫారీకి రమ్మన్నాడు.

సఫారీ అనగానే ఆయన పవర్ హౌస్ బజారులోని టైలరు దగ్గర రెండు నీలం సఫారీ సూట్లు కుట్టించుకున్నారు. బయలుదేరడానికి రెండు రోజుల ముందు తమ్ముడి ఉత్తరం వచ్చింది. నీలం, నలుపు వేసుకుంటే అడవిలో కుట్టే ఈగలు ముసురుతాయట, మట్టిరంగు బట్టలే తెచ్చుకోమన్నాడు.

నేను ట్రంకుపెట్టె తెరిచి, ఆయన స్టీలు ప్లాంటులో డ్యూటీకి వేసుకున్న పాత ఖాకీ జతలు బయట పెట్టాను.

“ఇవేటి? ముప్పై ఏళ్ళు ఫర్నేసు ముందు ఇవే వేసుకున్నాను. ఇప్పుడు సింహం ముందుకీ ఇవేనా? అయితే నేను రాను, నువ్వెళ్ళు.”

“ఎలాగూ పట్టవులెండి. రిటైరయ్యాక పొట్టొచ్చీసింది కదా,” అన్నాను.

ఆ మాట ఆయనకు పడలేదు. లోపలికెళ్ళి చొక్కా, ప్యాంటు తొడుక్కొచ్చారు. గుండీలన్నీ పట్టాయి. అద్దం ముందు అటూ ఇటూ తిరిగి, “రెండో జత సంచీలో పెట్టు,” అన్నారు.

ప్రయాణం రోజున ఆ ఖాకీలోనే ఆటో ఎక్కుతుంటే ఎదురింటి లక్ష్మీప్రసాద్ గేటు దగ్గర నిలబడి నవ్వాడు. “ఏటి భయ్యా, మళ్ళీ డ్యూటీయా? ఏ షిఫ్టు?”

“కెన్యా షిఫ్టు,” అన్నారు మావారు, వీధంతా వినబడేలా.