పదకొండు చుట్ల రాగితీగ

నా పెళ్లినాటి రేకు డబ్బాలో బారెడు రాగితీగ చుట్ట ఉంది. మూత తీస్తే ముందు డీజిల్ వాసన కొడుతుంది, దాని వెనక బావి అడుగు బురద వాసన, ఆ రెండింటి వెనకా ఎక్కడో, ఉందో లేదో తెలియనంత సన్నగా కిరసనాయిలు వాసన. మనవరాలు ముక్కు దగ్గర పెట్టుకుని నాకేం రావడం లేదంటుంది. దానికి రాదు. నాకు సంతకం తప్ప రాత రాదు కనుక నేను చెబుతుంటే ఆ పిల్లే రాస్తోంది. మధ్య మధ్య పెన్ను ఆపి, "గింత కోపంగ రాయాల్నా అమ్మమ్మా" అని అడుగుతోంది. రాయాలి. తగ్గించే చెబుతున్నాను.

మాది పెన్‌పహాడ్ దగ్గర చిన్న ఊరు. మా నాయన సైదులు దొర దగ్గర జీతం ఉండేవాడు. తెల్లారింది మొదలు ఎడ్లు, పేడ, మోట, నాగలి. వాటితో పాటు దొర జోడునళ్ల తుపాకిని తుడిచి నూనె పెట్టే పని కూడా ఆయనదే. వేరుశనగ చేలలో అడవిపందులు పడే కాలంలో దొర ముందు నడిస్తే నాయన తుపాకి మోసుకుంటూ వెనక నడిచేవాడు. మోసేది ఈయన, పేల్చేది ఆయన. పంది పడితే తల, తొడలు దొర ఉండే గడీకి పోయేవి. పేగులు మాకు వచ్చేవి. ఆ పేగులను అమ్మ పసుపు వేసి కడిగి కడిగి, ఎండుమిరపకాయలు దంచి పోసి, మట్టిచట్టిలో ఉడికిస్తే జొన్నరొట్టెలోకి ఎంత బాగుండేవో ఇప్పటికీ నాలుక మరిచిపోలేదు. అందుకు నాలుక మీదా నాకు కోపమే.

వారానికొకసారి గడీ వెనక వసారాలో తుపాకి తుడవడానికి కూచునేటప్పుడు నాయన నన్ను తీసుకుపోయేవాడు, నా చెయ్యి చిన్నది కాబట్టి ఇరుకు సందుల్లోకి పోతుందని. గోనెసంచి పరిచి, దాని మీద తుపాకిని మధ్యకు విరిచి పెట్టేవాడు. వెదురుపుల్లకు పాత ధోవతి పేలిక చుట్టి, కిరసనాయిల్లో ముంచి, నల్లిలో, అంటే తుపాకి గొట్టంలో, ఈ కొస నుంచి ఆ కొసకు లాగితే పేలిక నల్లగా వచ్చేది. ఇంకొకటి, ఇంకొకటి, తెల్లగా వచ్చేదాకా లాగాల్సిందే. తరువాత కొబ్బరినూనె. దాన్ని వేలితో రాస్తే ఎక్కువవుతుందని, కోడి ఈక కొసతో తడిసీ తడవనట్టు పూయడం నా పని. వెనక సుత్తుల్లా లేచి ఉండే రెండు గుర్రాల సందుల్లో ఈక తిప్పడం నాకు తప్ప ఎవరికీ రాదని నాయన అందరికీ చెప్పుకునేవాడు.

"నల్లి ఎవరి దిక్కు తిప్పకు బిడ్డా, ఉట్టిదైనా సరే" అనేది ఆయన పెట్టిన మొదటి కట్టడి. అన్నీ అయ్యాక నల్లిని ఆకాశం వైపు ఎత్తి నన్ను లోపలికి చూడమనేవాడు. గుండ్రంగా, తళతళా వెలుగు కనిపించేది.

"ఏం కనవడ్తున్నది?"

"చందమామ."

"మచ్చ ఉన్నదా?"

"ఉన్నది."

"అయితే ఇంకో పేలిక దే."

తుపాకి నాయన చేతిలో ఎంతసేపున్నా తూటా మాత్రం ఏనాడూ ఆయన చేతికి రాలేదు. తూటాలు గడీ లోపలి బీరువాలో, ఆ బీరువా తాళంచెవి దొర మొలతాడుకు. స్నానానికి పోయినా విప్పేవాడు కాదు. వేటకు పోయినప్పుడు రెండు తూటాలు తనే తీసి, తనే పెట్టి, పని కాగానే తనే తీసేసేవాడు. పేలిన ఖాళీ గుల్లలు మాత్రం పిల్లలం ఏరుకునేవాళ్లం. ఎర్ర కాగితం గొట్టం, అడుగున ఇత్తడి టోపీ, టోపీ నడుమ సూది గుచ్చినట్టు చిన్న గుంట. మూతి దగ్గర పెట్టి ఊదితే చెరువు అవతలి గట్టుకు వినపడేది. మా వాడలో ఆ గుల్లలెన్ని ఉంటే అంత గొప్ప. ఒక గుల్లకు పిడికెడు పేలాలు, రెండు గుల్లలకు ఒక జామకాయ.

దసరా నాడు ఆ తుపాకికి గంధం, పసుపు, కుంకుమ పెట్టి, ముందు కొబ్బరికాయ కొట్టేవారు. ఊరి కొడవళ్లు, గడ్డపారలు దాని కింద వరసగా పెట్టుకోవాలి, దాని పైన పెట్టకూడదు. బతుకమ్మ పాడి గొంతు బొంగురు పోయిన ఆడవాళ్లు, సద్దుల ముద్దలు పంచుకున్న పిల్లలు, జమ్మిఆకు చేతుల్లో పెట్టుకున్న మగవాళ్లు, అందరూ వచ్చి ఆ ఇనుముకు దండం పెట్టేవారు. నేనూ పెట్టాను. పసుపు నూనెకు అంటుకుని జిడ్డయితే మర్నాడు మళ్లీ తుడవాల్సింది నేనూ నాయనేనని ఎవరికీ పట్టేది కాదు.

ఒకసారి ఆ తుపాకి కట్టె, భుజానికి ఆనించుకునే చోటికి కాస్త ముందర, నిలువునా పగిలింది. ఎడ్లు చేలో పడ్డాయని దొర తుపాకి తిప్పి ఒక జీతగాడి వీపు మీద కొడితే పగిలింది. ఆ వీపు సంగతి ఎవరూ అడగలేదు, కట్టె సంగతి మా నాయనను అడిగారు. కాలిపోయిన మోటారు నుంచి తీసిన రాగితీగ తెచ్చి, ఒక కొస నన్ను పళ్లతో పట్టుకోమని, రెండో కొస లాగి లాగి పగులు చుట్టూ బిగించాడు. పదకొండు చుట్లు. నాకు పది దాకానే లెక్క వచ్చు. పది తరువాత ఏమంటారో ఆ రోజే నేర్చుకున్నాను. చివర కోడికాలులా మూడు పాయలుగా మెలిపెట్టి చిన్న మేకుతో దిగగొట్టాడు. పంటి చిగురు చీరి నోట్లో రాగి రుచి వారం దాకా పోలేదు.

నాకు తొమ్మిదో ఏడు నడుస్తుండగా, వేరుశనగ పీకే రోజుల్లో, తుపాకి కనపడలేదు. అది వేలాడే వసారా గోడకు మేకులు మాత్రం ఉన్నాయి. తుడిచేవాడు సైదులు, తీసినవాడూ సైదులే అయ్యుండాలని దొర అన్నాడు. మా గుడిసె కప్పు పీకి చూశారు, కుండలు బోర్లించి చూశారు, అమ్మ దాచుకున్న విత్తనాల గుమ్మిలో గడ్డపార పెట్టి కెలికారు. ఏమీ దొరకలేదు. దొరకకపోతే తడిబట్టల ప్రమాణం. అది మా వైపు అందరూ ఒప్పుకునే తీర్పు: బావిలో మూడు మునకలు మునిగి, తడిబట్టలతో దేవత ముందు నిలబడి చెప్పాలి. చెప్పింది అబద్ధమైతే తొమ్మిది రోజుల్లో ఇంట్లో కీడు జరుగుతుంది.

దొర మోటబావి గట్టు మీదే మైసమ్మ రాయి ఉండేది. వానలు బాగా పడ్డ ఏడు, నీళ్లు పై మెట్టు దాకా ఉన్నాయి. గోడ బొక్కల్లోంచి పావురాలు లేచిపోతుంటే నాయన దిగి మూడు మునకలు వేశాడు. దొర వేపచెట్టు కింద నులకమంచం మీద కూచుని చూశాడు. నాయన పళ్లు చలికి కొట్టుకుంటున్నాయి.

"నేను తీసిననైతే నా ఇంటి దీపం ఆరిపోవాలె మైసమ్మా."

ఏడోరోజున మా తమ్ముడికి జ్వరం తగిలింది. చంకదిగని పిల్లవాడు. సూర్యాపేట దవాఖానకు తీసుకుపోవడానికి బండి ఇవ్వమని నాయన గడీ ముందు నిలబడితే, దొంగకు బండి ఎందుకన్నారు. భుజాన వేసుకుని నడిచాడు. తొమ్మిదోరోజున దారిలోనే పిల్లవాడు పోయాడు. ఊరికి అంతకన్నా సాక్ష్యం ఏం కావాలి? జ్వరం ఆ యేడు వాడవాడలా ఉంది, నలుగురు పిల్లలు పోయారు, మిగిలిన ముగ్గురి తండ్రులు ఏ ప్రమాణమూ చెయ్యలేదు. అది ఎవరూ లెక్కించలేదు.

అమ్మ ఆ రోజు నుంచి నాయనకు అన్నం పెట్టి అవతలికి పోయేది, ఎదురుగా కూచునేది కాదు. పొరుగావిడ నిప్పు ఇవ్వడం మానేసింది. నేనేం చేశానో కూడా చెప్పాలి. ఒకనాడు నాయన గట్క తాగుతుంటే ఎదురుగా నిలబడి అన్నాను.

"నువ్వే తీసినవ్ గదా నాయినా. అందుకే తమ్ముడు సచ్చిండు."

ఆయన నా వంక చూశాడు. ముంతలో మిగిలింది తాగేసి, ముంత కడిగి బోర్లించి, పనికి పోయాడు. ఆ తరువాత ఎన్నడూ నన్ను వెంట రమ్మనలేదు. కొన్నేళ్లకు, వసారా తలుపు గొళ్లెం తనే మరిచిపోయాడేమో, తన వల్లే ఎవరో ఎత్తుకుపోయారేమోనని తనలో తను గొణుక్కునేవాడు. చెయ్యని తప్పులో తనకు వాటా వెతుక్కుంటూ చచ్చిపోయాడు. తుపాకి దొంగ బిడ్డనని దగ్గర ఊళ్లలో ఎవరూ చేసుకోకపోతే నన్ను గరిడేపల్లి అవతల ఇచ్చారు. అక్కడికీ ఆ పేరు నాకన్నా ముందే చేరింది. మొగుడు మంచివాడే, అయినా కోపం వచ్చినప్పుడు అదే మాట అనేవాడు. ఆయన పోయాక మళ్లీ ఈ ఊరికే వచ్చి పడ్డాను.

ఈ ఎండాకాలం దొర భూములు ప్లాట్లయ్యాయి. బావి పూడ్చే ముందు మోటార్లు పెట్టి నీళ్లు తోడుతున్నారంటే, ఊరంతా చేపలకు పోయినట్టే నేనూ సత్తుగిన్నె పట్టుకుని పోయాను. కాలువ నీళ్లు వచ్చాక ఆ బావి ఎండింది లేదు. అంతకు ముందు ఏటేటా పూడిక తీసేవారు. నాయన ప్రమాణం చేసిన మరుసటి ఎండాకాలం నుంచి దొర ఆ బావి పూడిక తీయించడం మానేశాడు. ఎందుకని అప్పుడెవరూ అడగలేదు. బురదలో కొర్రమట్టల కోసం చేతులు పెట్టి వెతుకుతుంటే వేములపల్లి నుంచి వచ్చిన మేస్త్రి ఒక పొడుగాటి తుప్పుకడ్డీని పైకి లాగి గట్టు మీద పడేశాడు.

"అక్కా, ఇది పైపు గాదేందే? రెండు బొక్కలున్నయ్."

నాకు బురద కింద ఉబ్బెత్తుగా ఉన్న చోటు కనిపించింది. గిన్నె అక్కడే వదిలేశాను. నల్లి ఎవరి దిక్కూ లేకుండా పొలం వైపు తిప్పి పెట్టి, అందరినీ వెనక్కి పొమ్మని, వేలితో బురద గీకాను. పచ్చగా చిలుము పట్టిన తీగ. లెక్కపెట్టాను. పదకొండు. చివర కోడికాలు.

మేస్త్రి పోలీసులకు ఫోను చేశాడు. వాళ్లు వచ్చేలోపల ముట్టవద్దని అన్నాడు. యాభై ఏళ్లకు పైగా ముట్టానని ఊరు అంటూనే ఉంది, ఇంకోసారి ముడితే ఏమవుతుందన్నాను. ఇంజను దగ్గరి డీజిల్‌ను తొట్టిలో పోయించి, విరిచే కీలు దాకా దాన్ని ముంచాను. కొబ్బరిపీచుతో రుద్దితే ఎర్రటి పొలుసులు పొరలు పొరలుగా లేచి వచ్చాయి. గుర్రాల సందుల్లోకి ఇప్పుడు నా వేళ్లు పోవు. ఎవరి కోడిదో ఈక ఏరుకొచ్చి తిప్పాను. కట్టె నాని మెత్తబడి చేతిలోనే ముక్కలవుతుంటే తీగ ఊడి వచ్చింది. పొద్దు నడినెత్తి దాటాక, చెక్కతో మెల్లగా తట్టగా తట్టగా కీలు సగం తెరుచుకుంది.

ఆకాశం కనపడలేదు. రెండు నల్లుల్లోనూ చెరొక ఇత్తడి టోపీ. ఒకదాని నడుమ సూది గుంట ఉంది, ఒకదానికి లేదు. ఒకటి పేలింది, రెండోది పేలాల్సి ఉండగానే తుపాకి నీళ్లలో పడింది. మధ్యాహ్నం కల్లు పట్టించి బావి పావురాలను కొట్టడానికి ఒంటరిగా పోయే అలవాటు ఊళ్లో ఒక్కడికే ఉండేది. ఏడుపు రాలేదు. ఆ నులకమంచం గుర్తుకొచ్చింది. తాగి జారవిడిచానని ఊరికి చెప్పుకోలేక, కింద నీళ్లలో తుపాకి ఉందని తెలిసి, దాని మీదే నా తండ్రిని మూడుసార్లు ముంచి, ఆ మనిషి చూస్తూ కూచున్నాడు.

పోలీసుల కన్నా ముందు చిన్నదొర కారులో వచ్చాడు. అప్పుడు ఉయ్యాలలో ఉన్నవాడు, ఇప్పుడు మిర్యాలగూడలో రైసుమిల్లు, కోదాడలో ఇల్లు, ఓట్లప్పుడు ఇక్కడ. వాళ్ల నాయన మా అమ్మను పేరు పెట్టి కూడా పిలిచేవాడు కాదు, ఈయన నన్ను పెద్దమ్మా అంటాడు.

"మీ నాయినే దొరుకుతనన్న బుగులుకు బాయిల పారేసిండొచ్చు పెద్దమ్మా. ఎవలకెరుక?"

"మరి లోపల ఈ తూటాలెక్కడియి దొరా? తాళంచెవి మీ నాయిన మొలతాడుకు ఉండె. మా నాయిన జేబుల దెచ్చిండంటవా? ఆయనకు అంగీయే లేకుండె."

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వి, వెంటనే ఆపేశారు. చిన్నదొర పోయినవాళ్ల ముచ్చట ఇప్పుడెందుకని ఫోను మాట్లాడుకుంటూ కారు వైపు నడిచాడు. పోయినవాళ్లకు ముచ్చట అక్కర్లేదు. ఉన్నదాన్ని నేను.

పోలీసులు వచ్చి పంచనామా రాశారు. ఒకతను చదివి వినిపించాడు: గుర్తు తెలియని వ్యక్తులు పడవేసిన పాత తుపాకి. గుర్తు తెలిసినవాళ్లే సార్, తుపాకికి తీగ చుట్టినవాడి పేరు సైదులు, బావిలో పడేసినవాడి పేరు కూడా చెబుతాను, రాయండి అన్నాను. అదంతా రాయడానికి కాగితంలో జాగా లేదమ్మా అన్నారు. నేను సంతకం పెట్టలేదు. నాకు వచ్చిన రాత అదొక్కటే, దాన్ని ఆ కాగితానికి ఇవ్వలేదు. వాళ్లు తుపాకిని గోనెసంచిలో చుట్టుకుని పోయారు.

సాయంత్రం, అప్పట్లో మాకు నిప్పు ఇవ్వడం మానేసిన పొరుగావిడ, ఇప్పుడు పళ్లు లేని ముసలిది, గడప దాకా వచ్చి, "నాకప్పుడే అనుమానం ఉండె బిడ్డా" అంది. అప్పుడే ఉంటే అప్పుడే అనాల్సింది. తలుపు వేసుకున్నాను.

ఇప్పుడు ఆ చోట బావి లేదు, మెట్లు లేవు, పావురాలు లేవు. తెల్లసున్నం కొట్టిన హద్దురాళ్లు, వాటి మీద అంకెలు. నలుగురు పిల్లలు పోయిన ఆ ఏడు గుర్తున్న వాళ్లం ముగ్గురమే మిగిలాం. మైసమ్మ రాయిని మాత్రం పెకిలించి రోడ్డు పక్కకు జరిపి, చిన్న రేకుల కప్పు వేశారు. దారిన పోయేవాళ్లు ఆగి దండం పెడుతున్నారు. నేను పెట్టను. బావి పక్కనే కూచుని, అడుగున ఏముందో తెలిసి, మైసమ్మ నోరు మెదపలేదు. అయినా ఆగుతాను. డబ్బాలోంచి తీగ తీసి ఆమె ముందు వేళ్లకు చుట్టుకుంటూ, పైకే లెక్కపెడతాను, ఆయన నేర్పినట్టే పది తరువాత పదకొండు. లెక్క అయ్యాక నాయనకు ఆ రోజు చెప్పాల్సిన మాట ఆ రాయికి చెబుతాను. నువ్వు తియ్యలే నాయినా. ఆయనకు వినపడదు. ఆమెకు వినపడాలి.